పావుగంటకి ఆగిపోయే ప్రొజెక్టరు

ఆమధ్య ముగ్గురు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. ముగ్గురూ స్కూళ్లలో ప్రొజెక్టర్లు బాగుచేసే పనిలోకి కొత్తగా చేరినవాళ్లే. "బాబాయ్, అన్నేళ్లు తిరిగినావు గదా, మాకు పనికొచ్చేది ఏదైనా సెప్పు" అన్నారు. ఏ స్క్రూ ఎటు తిప్పాలో చెబుతాననుకున్నారు పాపం. అవన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయి, నాకంటే బాగా చెబుతాయి, పైగా విసుక్కోవు. నేను బోల్తాపడ్డ సంగతి ఒకటి చెబుతాను కూర్చోండి అన్నాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నాది రాజాం. రేడియోలు విప్పడంతో మొదలుపెట్టాను. రేడియోలు మూలపడ్డాయి, టీవీలొచ్చాయి. టీవీలు పల్చబడి గోడెక్కాక వాటిని బాగుచేయించుకునేవాడే లేకుండా పోయాడు. అప్పుడు విజయనగరంలో ఆఫీసున్న ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరాను. రెండు జిల్లాల్లోని సర్కారు స్కూళ్లలో ప్రొజెక్టర్లు బిగించడం, ఆగిపోతే వెళ్లి చూడడం నా పని. భుజాన సంచి, చేతిలో మడత నిచ్చెన. బస్సు కండక్టర్లందరికీ ఆ నిచ్చెన మీదే కోపం.

నాకూ కోపం తక్కువేమీ కాదు, ముక్కు మీదే ఉంటుంది. నిజానికి నా ముక్కుకి ఆ కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు. కుర్రతనంలో టీవీ వెనక మూత విప్పి, లోపలున్న దుమ్మంతా ఉఫ్ఫుమని నోటితో ఊదేవాణ్ణి. ముఖానికి గుడ్డ కట్టుకోమని మా గురువు మొత్తుకునేవాడు. గుడ్డ కట్టుకుంటే షోకు తగ్గిపోతుందని నా బాధ. అలా ఏళ్ల తరబడి ఊదగా ఊదగా నాకు వాసన తెలియడం మానేసింది. ఇంట్లో పప్పు మాడి పొగ కళ్లకి తగిలితేనే నాకు తెలుస్తుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.

ప్రొజెక్టరు గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. దాని లోపల దీపం వేడిగా మండుతుంది. ఆ వేడి తగ్గడానికి ఒక ఫ్యాను బయటిగాలిని లోపలికి లాగుతుంది. దుమ్ము లోపలికి పోకుండా గాలి వచ్చే దారిలో జల్లెడలాంటి ఫిల్టరు ఉంటుంది. ఫిల్టరు పూడుకుపోతే గాలి ఆడదు, మిషను వేడెక్కి, ఎర్రదీపం చూపించి తనంతట తానే ఆగిపోతుంది. చెడిపోయి ఆగడం కాదది, ప్రాణం కాపాడుకోవడానికి ఆగడం. కొన్ని నెలలకోసారి ఆ ఫిల్టరు తీసి దుమ్ము దులిపితే చాలు, ఇంకేమీ అడగదు.

కోటబొమ్మాళి దాటి లోపలికి వెళ్తే వరిపొలాల మధ్య ఒక హైస్కూలు. అక్కడ ప్రొజెక్టరు నేనే బిగించాను. మూడు నెలలు బాగానే పనిచేసింది. తర్వాత పావుగంటకోసారి ఆగిపోతోందని ఫోను వచ్చింది. వెళ్లాను. నిచ్చెన ఎక్కి ఫిల్టరు తీస్తే, ఓర్నాయనో, బూడిదరంగు అట్ట కట్టుకుపోయి ఉంది. మూడు నెలల్లో అంత పట్టడం నేనెక్కడా చూడలేదు. పైగా పొడిగా లేదు, వేలికి జిగటగా అంటుకుంది. బ్రష్షుతో రుద్దినంత రుద్ది, బిగించి, వేసి చూపించి వచ్చేశాను.

పది రోజులు తిరక్కుండా మళ్లీ ఫోను.

రెండోసారి వెళ్లినప్పుడు కారణం వెతికాను. అంటే వెతికానని అనుకున్నాను. గదిలో నల్లబల్ల ఉంది, అయితే సుద్దపొడి. కిటికీలోంచి చూస్తే మధ్యాహ్న భోజనం వండే పాక కనిపించింది, అయితే జిడ్డు అక్కడిదే. దూరంగా రైసు మిల్లు ఉంది, అయితే ఊక దుమ్ము. ఇలా ఊరందరి మీదా తలో నేరం మోపి, ఆ గదికి ఇన్‌చార్జిగా ఉన్న మేడమ్‌ని కేకలేశాను.

"కిటికీలెందుకు తీస్తన్నారమ్మా? మిషనున్న గదిలో సుద్దముక్క ఎవరు ముట్టమన్నారు?"

ఆవిడ జీవశాస్త్రం చెప్పే టీచరు. మిషనరీల చర్చికి వెళ్లే కుటుంబం, అమ్మమ్మ కాలం నుంచీ ఇంట్లో అందరూ టీచర్లే. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "కిటికీలు మూసేసే ఉంచుతున్నామండీ. సుద్దముక్క ఈ గదిలోకి తేవడం మానేశాం. ఇదిగోండి, ఎప్పుడు వేశామో, ఎప్పుడు ఆగిందో రాసి పెట్టాను" అని పుస్తకం తీసి చూపించింది. నేను దాని వైపు చూడనైనా చూడలేదు. మెకానిక్‌కి పుస్తకం చూపిస్తారా అని నాకు ఒళ్లు మండింది.

మూడోసారి వెళ్లినప్పుడు క్లాసు జరుగుతోంది. వెనక బెంచీ మీద కూర్చుని మిషను ఆగేదాకా చూద్దామనుకున్నాను. అప్పుడు కనిపించింది ఆ పిల్ల. ముందు బెంచీలో, తొమ్మిదో తరగతి. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు చెవులూ వినపడవట. మేడమ్ ఒక చిత్రమైన పద్ధతి పెట్టుకుంది. పాఠం చెబుతూ చెబుతూ, చెప్పిందల్లా కంప్యూటర్లో టకటకా తెలుగులో కొట్టేస్తుంది. అది తెర మీద పెద్ద అక్షరాల్లో పడుతుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ప్రశ్నా పడుతుంది, జవాబూ పడుతుంది. వెనక బెంచీవాడు "మేడమ్, నీల్లు తాగొస్తాను" అంటే అదీ పడుతుంది. ఆ పిల్ల కళ్లతో వినేస్తోంది. గుండెలో గదులెన్ని అని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించింది.

సరిగ్గా పావుగంటకి తెర నల్లబడింది.

మిగతా పిల్లలు హోరుమన్నారు. వాళ్లకది ఆటవిడుపు. ఆ పిల్ల మాత్రం ఖాళీ తెర వైపు కొంతసేపు చూసి, పుస్తకం మూసేసుకుంది. నాకు అదోలా అనిపించింది. కానీ నాకు అదోలా అనిపించినప్పుడల్లా కోపం వచ్చి కూర్చుంటుంది, అదే నా జబ్బు. సంచిలోంచి సర్వీసు ఫారం తీశాను. అందులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. 'వాడుకలో అజాగ్రత్త' అని రాసి, సంతకం పెట్టి, హెడ్‌మాస్టారి చేతిలో పెట్టాను.

ఆ రెండు మాటలకీ కంపెనీలో ఒక రూలుంది. ఒకే స్కూల్లో మూడుసార్లు ఆగిపోయి, కారణం వాడుకలో తప్పని మెకానిక్ రాస్తే, మిషను విప్పి వేరే స్కూలుకి ఇచ్చేస్తారు. భోగాపురం వైపు ఒక స్కూలు అప్పటికే దానికోసం ఎదురుచూస్తోంది.

మేడమ్ ఫారం చదివింది. తన పేరు పోయిందని ఏడుస్తుందేమో, పోట్లాడుతుందేమో అనుకున్నాను. "మాస్టారూ, నన్నేమన్నా పర్వాలేదు. ఇది పట్టుకెళ్లిపోతే ఆ పిల్లకేం చెప్పను?" అంది నాతో. "నేను బోర్డు వైపు తిరిగితే నా పెదాలు కనపడవు. మళ్లీ సంవత్సరమంతా నా వీపు చూస్తూ కూర్చుంటుంది."

"రూలమ్మా, నేనేటి సెయ్యను?" అన్నాను. చేతులు దులుపుకున్నాను. ఫిల్టరు దులిపినంత సేపు కూడా పట్టలేదు.

విప్పి తెచ్చేయమని వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. శుక్రవారం పది గంటలకి వ్యాను వస్తుంది, ఈలోపు మిషను దింపి, డబ్బాలో పెట్టి సిద్ధంగా ఉంచాలి. పిల్లలు వచ్చాక ఆ పిల్ల ముందు నిచ్చెన వేసి విప్పే ధైర్యం నాకు లేదు. అందుకని గురువారమే వెళ్లి కోటబొమ్మాళిలో మా బావమరిది ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఎవరూ రాకముందే స్కూలు చేరుకున్నాను. దొంగలా అనుకోండి, తప్పేం లేదు.

గేటు తీసే ఉంది. ఆవరణలో మనిషి లేడు. వరండా ఎక్కబోతూ చూస్తే, ప్రొజెక్టరు గది కిటికీలోంచి తెల్లగా పొగ!

"మంట! మంట!" అని అరిచాను. నిచ్చెన అక్కడే పడేశాను. వంటపాక దగ్గర నీళ్లతో నిండిన బకెట్ కనిపిస్తే అందుకుని పరుగెత్తాను. సగం నీళ్లు నా ప్యాంటు మీదే పోయాయి. గది తలుపు కాలితో తన్ని, బకెట్ రెండు చేతులా ఎత్తి, పొగ వస్తున్న వైపు గిరాటు కొట్టబోయాను.

"ఆగండి బాబూ! కరంటు మిషను మీద నీల్లేటండీ!" అని ఎవరో గావుకేక పెట్టారు.

ఆ కేక లేకపోతే ఆ రోజు ఏం జరిగేదో ఇప్పటికీ తలుచుకోను. చేతిలో నీళ్లు, పైన కరెంటు. పిల్లలకీ టీచర్లకీ ఊరూరా జాగ్రత్తలు చెప్పే పెద్దమనిషిని నేను!

పొగలోంచి మనిషి తేలాడు. ఆ స్కూలు అటెండరు. యాభై దాటినవాడు, తలకి తువ్వాలు, నుదుట బొట్టు. చేతిలో బూజులు దులిపే వెదురుకర్ర. ఆ కర్ర చివర ఇనపతీగతో కట్టిన ధూపం గిన్నె. దాన్ని సరిగ్గా ప్రొజెక్టరు పక్కన, గాలి లోపలికి పీల్చే ఆ జల్లెడ దగ్గరే ఎత్తి పట్టుకుని ఉన్నాడు. గిన్నెలో నిప్పులు, నిప్పుల మీద సాంబ్రాణి. మిషను కూడా వేసే ఉంది. లోపల ఫ్యాను ఆ పొగనంతా ఆవురావురుమని పీల్చుకుంటోంది.

"ఏటి మావా ఇది? ఏటి సేస్తన్నావు?" అన్నాను.

"ధూపం ఏస్తన్నాను బాబూ."

"ధూపమా? ఎవులికి?"

"ఇంకెవులికి, మిసనుకే. మా అయ్యా, తాతా గుడిలో ధూపం ఏసినోలే. నాకది కొత్తేటి కాదు. సూడండి, ఎంత బాగా పీలస్తన్నాదో! దేవుడు గూడా ఇలగ పీల్చుకోడు."

అప్పటికి నా భయం దిగింది, నోరు మొదలైంది. ఏమేమి తిట్టానో అచ్చులో వేయలేను. అంతా విని, కర్ర దించి, గిన్నె గుమ్మం బయట పెట్టి వచ్చాడు. అతని మొహం చిన్నబోయింది.

"మొదట శుక్రారం శుక్రారమే ఏసీవోణ్ని. తరవాత ఇది ఆగిపోడం మొదలెట్టినాది. పాపం, దీనికేదో దిష్టి తగిలిందని రోజూ ఏస్తన్నాను. మీరొచ్చి బాగుసేసి ఎల్తారు, నాను ధూపం పెంచుతాను, అయినా ఆగిపోతాది. ఇయాల తీసుకుపోతారని మేడమ్ గారు కల్లనీల్లెట్టుకున్నారు. అందికే ఇయాల డబల్ ఏసినాను."

మిషను ఆగినకొద్దీ ధూపం పెరిగింది, ధూపం పెరిగినకొద్దీ మిషను ఆగింది. మధ్యలో నేను ఊరందరినీ తిట్టుకుంటూ బ్రష్షు పట్టుకుని తిరిగాను. ఆ జిగట సాంబ్రాణిది. ముక్కున్న మెకానిక్ ఎవడైనా నిచ్చెన మొదటి మెట్టు మీదే కనిపెట్టేవాడు.

"అసలు ఈ తెలివి నీకెవులిచ్చినారు మావా?" అన్నాను, కోపం ఇంకా పూర్తిగా దిగక.

అతను నా వైపు విచిత్రంగా చూశాడు. "మీరే గదా బాబూ."

"నానా?"

"బిగించిన రోజు మీరే గదా దీనికి బొట్టెట్టి, కొబ్బరికాయ కొట్టినారు. దీన్నెలాగ సూసుకోవాలి బాబూ అని అడిగినాను. శుక్రారం శుక్రారం కాస్త ధూపం ఎయ్యి మావా, అదే సూసుకుంటాది అన్నారు. అని బేగి బేగి బస్సుకెల్లిపోనారు."

బెంచీ మీద కూలబడ్డాను. గుర్తొచ్చింది. కొత్త మిషను బిగించినప్పుడల్లా బొట్టు పెట్టి కాయ కొట్టడం నా అలవాటు. ఆ రోజు ఆకలి మీదున్నాను, టెక్కలి వైపు నుంచి వచ్చే బస్సు తప్పిపోతుందని హడావుడి. ఎలా వాడాలి, ఫిల్టరు ఎప్పుడు దులపాలి అని స్కూలువాళ్లకి చెప్పి సంతకం తీసుకోవాలి. సంతకం తీసుకున్నాను, చెప్పడం మానేశాను. ఈయన అడిగితే ఏదో వేళాకోళానికి ఒక మాట అనేశాను. నేను గేటు దాటేలోపే మర్చిపోయిన మాటని ఆయన నెలల తరబడి నియమంగా పాటించాడు.

నవ్వొచ్చింది. సిగ్గేసింది కూడా, అది ఎక్కువ. ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకుని కాసేపు పిచ్చివాళ్లలా నవ్వాం.

తర్వాత పని మొదలుపెట్టాం. ఈసారి అంతా పద్ధతి ప్రకారం. రిమోట్‌తో ఆపి, లోపలి ఫ్యాను ఆగేదాకా ఆగి, ప్లగ్గు పీకేసి, చల్లారేదాకా కూర్చున్నాం. మావ నిచ్చెన పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని ఎక్కాను. ఫిల్టరు తీసి, పాత పేపర్లో చుట్టి, గదిలో దులపకుండా ఆవరణ చివరకి పట్టుకెళ్లాం. సాంబ్రాణి జిగట బ్రష్షుకి లొంగలేదు. భోగాపురం స్కూలు కోసం తెచ్చిన కొత్త ఫిల్టరు సంచిలో ఉంటే అది బిగించాను. గాలి వచ్చే రంధ్రాలన్నీ పొడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచాను. కొత్తపెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశాను.

ఈలోపు మేడమ్ వచ్చింది. మిషను పైనే ఉండడం చూసి ఆశగా నా మొహంలోకి చూసింది.

"పొగ పట్టిందమ్మా లోపల. తీసేశాను. ఇప్పుడు ఆగదు" అన్నాను. పొగ ఎక్కడిదో చెప్పలేదు. మావ వరండా స్తంభం పక్కన నిలబడి తలకున్న తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"పొగ అంటే, రోజూ పొద్దున్న వచ్చే ఆ సాంబ్రాణిదా?" అంది నెమ్మదిగా.

"మీకు తెలుసా?"

"వాసన వచ్చేదండీ. హెడ్‌మాస్టారి గదిలో పటానికి వేస్తున్నారనుకున్నాను. నేనేమైనా అంటే, మా చర్చివాళ్లం కదా, ఇంకోలా అనుకుంటారేమోనని ఊరుకున్నాను."

ఒకరు భక్తితో వేశారు, ఒకరు మర్యాదతో ఊరుకున్నారు, ముక్కులేనివాడు సంతకం పెట్టాడు. ఇంక మిషను బతికేదెలా?

వరండాలోకి వచ్చి విజయనగరం ఆఫీసుకి ఫోను చేశాను. మా సూపర్‌వైజరు నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది. "వాడుకలో తప్పయితే విప్పి వ్యాను ఎక్కించండి. కాదు, బిగించినవాడిదే తప్పంటారా, మిషను అక్కడే ఉంటుంది, మీరు ఇక్కడికొస్తారు. ఎందుకు రావాలో మీకు తెలుసుగా. ఏదో ఒకటి రాసి పంపండి" అని పెట్టేశాడు.

ఎందుకు రావాలో తెలుసు. మెకానిక్ తప్పని తేలితే తిరుగుడు పని తీసేసి స్టోరు గదిలో కూర్చోబెడతారు. ఇంకో ఏడాదిలో మానేసేవాణ్ణి. ఇన్నేళ్లలో నా ఫారం మీద నా తప్పని ఒక్కసారి కూడా రాయలేదు. ఒక పక్క ఆ పిల్ల, ఒక పక్క నా పరువు. పరువు అలాంటిలాంటి బరువు కాదు, మీకూ ఉంటుంది, చూస్తారు. నిజం చెప్పొద్దూ, అటెండరు తెలియక చేశాడని రాసేస్తే గొడవ వదిలిపోతుందని కూడా ఒక క్షణం అనిపించింది. స్తంభం పక్కనుంచి మావ నావైపే చూస్తున్నాడు. నేనే చెప్పానని అతను మేడమ్‌కి ఒక్క మాట అనలేదు. కొత్త ఫారంలో 'కారణం' గడి ఖాళీగా వదిలేసి మడిచి జేబులో పెట్టుకున్నాను.

బడిగంట కొట్టారు. మేడమ్ వచ్చి, "వ్యాను వచ్చేలోపు ఒక్క పీరియడ్ నడిపించండి మాస్టారూ. దుమ్ము ఎలా తీయాలో మా పిల్లలకి మీరే చెప్పండి" అంది. కాదనలేకపోయాను.

తొమ్మిదో తరగతి ముందు నిలబడ్డాను. మేడమ్ కంప్యూటరు ముందు కూర్చుంది. నేను గొంతు సవరించుకుంటే తెర మీద 'దగ్గుతున్నారు' అని పడింది. పిల్లలు గొల్లుమన్నారు. "ఒరే, నవ్వితే సెప్పనురా!" అన్నాను. అదీ పడింది. ఇంకా నవ్వారు. మెల్లగా దారికొచ్చాను.

"ఒకటి. మిషను ఆపి, ఫ్యాను ఆగేదాకా ఆగాలి. రెండు. ప్లగ్గు పీకాలి. మూడు. చల్లారాక పెద్దవాళ్లే నిచ్చెన ఎక్కాలి, ఒకరు పట్టుకోవాలి. మీలో ఎవడైనా ఎక్కితే కాళ్లు ఇరగ్గొడతాను." తెర మీద కాళ్లు విరగ్గొట్టడం కూడా తు.చ. తప్పకుండా పడింది. "నాలుగు. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. నోటితో ఊదకూడదు. ఊదినవాడు ఎలా తయారవుతాడో నన్ను చూడండి, నాకు మల్లెపూవుకీ మురుక్కాలవకీ తేడా తెలియదు. అయిదు. ఫిల్టరు గదిలో దులపకూడదు. బయట, మెత్తటి బ్రష్షుతో. నీళ్లు తగలనివ్వకూడదు." నీళ్ల మాట దగ్గర మావ గుమ్మం దగ్గర నిలబడి దగ్గాడు.

ఆ పిల్ల ఒక్కొక్కటీ అంకె వేసి నోట్సులో రాసుకుంటోంది. తెర వైపు, నా వైపు, పుస్తకం వైపు తల తిప్పుతోంది. పావుగంట ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియలేదు.

ఫారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. వ్యాను ఖాళీగా వెళ్లింది. నన్ను స్టోరు గదిలో కూర్చోబెట్టారు, ఏడాది పాటు చెడిపోయిన రిమోట్లు ఏరుతూ గడిపాను. ఫ్యాను కింద, నీడలో, హాయిగానే. మావ ఇప్పుడు ధూపం గుమ్మం బయటే వేస్తున్నాడట. నెలకోసారి ఫిల్టరు తనే దులిపించి, మేడమ్ పుస్తకంలో వేలిముద్రంత సంతకం పెడుతున్నాడట. వాళ్లకి రావాల్సిన ఫిల్టరు, మిషను రెండూ తప్పిపోయినందుకు భోగాపురం వైపు స్కూలువాళ్లు మాత్రం నన్ను చాలాకాలం తిట్టుకున్నారు.

ఇక ఆ క్లాసు. అయిదూ అయిపోయాయి, "అనుమానాలుంటే అడగండి" అన్నాను. నేనడిగింది మాటవరసకే. ఆ పిల్ల చెయ్యెత్తింది. నోట్సులో ఏదో రాసి, పక్కపిల్ల చేత మేడమ్‌కి పంపింది. మేడమ్ అది చదివి, కాగితం మడిచేయబోయింది. పిల్లలు ఊరుకోలేదు. "రూలు మేడమ్! ప్రశ్న తెర మీదెయ్యాల!" అని అరిచారు. ఆవిడ ఒక్కొక్క అక్షరమే కొట్టింది.

'నోటీసు బోర్డులో చదివాను. మా మేడమ్ అజాగ్రత్త అని రాశారు. మేడమ్ ఏం తప్పు చేశారు?'

హెడ్‌మాస్టారు నా ఫారాన్ని తీసుకెళ్లి భోజనాల పట్టీ పక్కన అంటించారని నాకు అప్పుడు తెలిసింది. నలభై మంది నావైపు చూస్తున్నారు. ఏదో ఒకటి గొణిగి తప్పించుకోవచ్చు, కానీ ఆ గదిలో గొణుగుడు కూడా పెద్ద అక్షరాలతో తెర మీద పడుతుంది. తలెత్తి మిషను వైపు చూశాను. ఇన్నిసార్లు ఆగావు కదా, ఈ ఒక్కసారి ఆగరాదా తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆగలేదు. చల్లగా, హాయిగా వెలుగుతోంది. అంత శుభ్రంగా తుడిచి చచ్చాను మరి.

"మేడమ్ ఏ తప్పూ చెయ్యలేదు" అన్నాను.

మేడమ్ వేళ్లు కదల్లేదు.

"కొట్టండమ్మా. అన్నీ కొడుతున్నారుగా" అన్నాను. "తప్పు నాది. మిషనుకి ధూపం వెయ్యమని చెప్పింది నేను. చూడకుండా సంతకం పెట్టింది నేను."

తెర నిండా పడింది, జానెడేసి అక్షరాల్లో. జేబులోంచి ఫారం తీసి, మేడమ్ బల్ల మీదే పెట్టి, ఖాళీ గడిలో తెర మీదున్నదే చూసి రాశాను. తలెత్తేసరికి ఆ పిల్ల తెర వైపు రెండుసార్లు చూసి, ఔనన్నట్టు తలూపింది. తర్వాత పుస్తకం మీదకి వంగి, అయిదో దాని కింద ఆరు అని అంకె వేసి, అదీ రాసుకుంది.